ఏ బ్యాచ్ జట్టు గొప్పది?

(స్వర్ణోత్సవాల రెండో రోజు ఉదయం సభలో మన బడి విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయులు చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీదున్న పెద్దలకు, నాతో కలిసి పనిచేసిన ఉపాధ్యాయ మిత్రులకు, నా పిల్లలకు నమస్కారం. పిల్లలు అంటున్నానని ఏమీ అనుకోకండి. ముందు వరుసలో కూర్చున్న వాళ్ళలో సగం మందికి నాకంటే ఎక్కువ తెల్లజుట్టు ఉంది. అయినా నా నోటికి అదే వస్తుంది. మాట మధ్యలో మిమ్మల్ని ‘వాడు, వీడు’ అన్నా మన్నించాలి.

కార్యవర్గం వాళ్ళు నాకు మొదట ఇచ్చిన అంశం ‘క్రీడలు - వ్యక్తిత్వ వికాసం’. రాసుకుని కూడా వచ్చాను. కానీ నిన్న మధ్యాహ్నం భోజనాల దగ్గర జరిగిన గొడవ మీలో చాలామంది చూశారు. 87 బ్యాచ్ వాళ్ళకూ 2001 బ్యాచ్ వాళ్ళకూ పప్పు గిన్నె దగ్గర మొదలైంది. “మా ఆరుగురి ముందర మీరు ఒక్క సెట్టు గూడ నిలబడకపోదురు” అని వీళ్ళు. “మీ కాలంల సర్వీసు నెట్టు దాటితేనే చప్పట్లు గొట్టిండ్రంట గద” అని వాళ్ళు. పెరుగన్నం దాకా తేలలేదు. చివరికి అందరూ కలిసి నా దగ్గరికి వచ్చి, “సార్, రెండు జట్లనూ ఏరింది మీరే, నేర్పింది మీరే. ఏ బ్యాచ్‌ల ఎక్కువ టాలెంట్ ఉండెనో మీరే చెప్పాలె” అన్నారు. అధ్యక్షుల వారి అనుమతి తీసుకుని, వ్యక్తిత్వ వికాసాన్ని జేబులోనే ఉంచుకుంటున్నాను.

రాత్రి ఇంటికి వెళ్ళి నా పాత నోటు పుస్తకం తీశాను. ఇదిగో, ఇదే. అట్ట ఊడిపోయింది, అంచులు చెదలు తిన్నాయి. నేను ఈ బడికి 1983లో వచ్చాను. 1989లో బదిలీ అయ్యాను. మళ్ళీ 1996లో వచ్చి 2011లో రిటైరయ్యేదాకా ఇక్కడే ఉన్నాను. ఈ రెండు విడతల్లోనూ ప్రతి జూన్‌లో ఎనిమిదో తరగతి మగపిల్లలందరినీ సైన్సు గది వెనక గోడ దగ్గర నిలబెట్టి కొలిచాను. ఆ కొలతలన్నీ ఇందులో ఉన్నాయి.

కొలిచే పద్ధతి తెలియని వాళ్ళ కోసం చెప్తాను. పిల్లవాడి వేళ్ళకు సుద్దపొడి పూస్తాం. గోడ పక్కన నిలబడి, మడమలు నేలకు ఆనించి, చెయ్యి పైకెత్తి తాకమంటాం. అదొక గుర్తు. తర్వాత నిలబడ్డ చోటు నుంచే ఎగిరి తాకమంటాం. అది రెండో గుర్తు. నేల నుంచి రెండో గుర్తు దాకా ఉన్నది వాడి చెయ్యి అందే ఎత్తు. రెండు గుర్తుల మధ్య ఉన్నది వాడి ఎగురుడు. ఈ రెండూ వేరు వేరు సంగతులు. ఆ తేడా నాకు అర్థం కావడానికి ఎంత కాలం పట్టిందో కాసేపట్లో చెప్తాను.

ముందు 87 బ్యాచ్. వీళ్ళు 1984 జూన్‌లో ఎనిమిదిలోకి వచ్చారు. అప్పటికి మన బడి చుట్టూ ద్రాక్షతోటలే. ఇప్పుడు ఫంక్షన్ హాలు ఉన్న చోట అనాబ్-ఎ-షాహి పందిళ్ళు ఉండేవి. మేడ్చల్ నుంచి శామీర్‌పేట దాకా సైకిలు మీద పోతే ఎక్కువ దూరం పందిళ్ళ పక్కనే పోయేవాళ్ళం. మన మొదటి వాలీబాల్ కోర్టుకు స్తంభాలు ఎక్కడివనుకున్నారు? తోట తీసేసిన ఒక రైతు ఇచ్చిన రెండు రాతి కడీలు. నెట్టు కట్టడానికి ఆ పందిరి తీగే. పురుషుల నెట్టు ఎత్తు 2.43 మీటర్లు ఉండాలి. మా కడీలు ఒకటి ఇంకొకదాని కన్నా బెత్తెడు పొట్టి. పొట్టి కడీ కింద బండరాయి పెట్టి నిలబెట్టాం. ఆ బండరాయికి కాలు తగిలి దెబ్బ తిననివాడు 87 బ్యాచ్‌లో లేడు.

ఆ బ్యాచ్‌ను నేను ఎలా ఏరానో నిజం చెప్తాను. పొడుగు చూసి ఏరాను. వాలీబాల్ నెట్టు మీది ఆట, నెట్టు మీదికి చెయ్యి రానివాడు ఏం చేస్తాడు అన్నది అప్పటి నా లెక్క. నోటు పుస్తకంలో పేర్లన్నీ చెయ్యి అందే ఎత్తు ప్రకారం పై నుంచి కిందికి వరుసగా రాసుకున్నాను. పై నుంచి పన్నెండు మందిని టిక్కు పెట్టాను. అంతే. ఆ పన్నెండు మందిలో ఐదుగురికి అప్పటికే నూనూగు మీసాలు. ఒకడి గొంతు హెడ్మాస్టరు గారి గొంతు కన్నా లావుగా ఉండేది. ఊళ్ళో అందరూ, “ఏం జట్టు సార్, అంత మొగోళ్ళ లెక్కనే ఉన్నరు” అంటే నేను మురిసిపోయాను.

నిజానికి వాళ్ళు మంచి జట్టే. ఇద్దరు అటాకర్లు లిఫ్ట్ సరిగ్గా పడిందంటే కొట్టిన బంతి ద్రాక్షతోటలో పడాల్సిందే. మండలం గెలిచారు, జోన్ గెలిచారు, అప్పటి రంగారెడ్డి జిల్లా పోటీల్లో ఫైనల్ దాకా పోయారు. అది వాళ్ళు పదో తరగతిలో ఉన్న ఏడు, 1986. ఆ సెప్టెంబరు, అక్టోబరుల్లోనే సియోల్‌లో ఆసియా క్రీడలు జరిగాయి. మన పురుషుల జట్టు జపాన్‌ను ఓడించి కాంస్యం తెచ్చింది. 1962 జకార్తాలో రజతం వచ్చాక మళ్ళీ అదే పతకం. ఆ తర్వాత ఇప్పటి దాకా ఆసియా క్రీడల్లో మన పురుషుల వాలీబాల్‌కు ఇంకొకటి రాలేదు. ఆ జట్టులో మన తెలుగువాడు పి.వి. రమణ ఉన్నాడు. ఇప్పటి పిల్లలకు పి.వి. సింధు నాన్న అంటే తెలుస్తుంది. నాకు మాత్రం సింధు ఇప్పటికీ రమణ కూతురే. 2000లో ఆయనకు అర్జున అవార్డు వచ్చింది. అంతకు ముందు 1989లో మన హైదరాబాదు ఆటగాడు అబ్దుల్ బాసిత్‌కు, ఇంకా ముందు 1974లో శ్యాంసుందర్ రావుకు వచ్చింది. అంటే మనం వాలీబాల్ లేని చోట పుట్టలేదు. సియోల్ కబురు మర్నాడు పేపర్లో చదివి వినిపిస్తే మన పిల్లలు ఆ సాయంత్రం చీకటి పడి బంతి కనిపించకపోయినా ఆడుతూనే ఉన్నారు.

జిల్లా ఫైనల్లో ఓడిపోయారు. అవతలి జట్టు మనకంటే పొట్టి. వాళ్ళ కోచ్ తెలివైనవాడు. సర్వీసులన్నీ మన పొడుగాటి వాళ్ళ కాళ్ళ దగ్గర పడేట్టు వేయించాడు. మనవాళ్ళు నడుము వంచి అండర్‌హ్యాండ్ తీసుకోవడానికి పుట్టలేదు. మొదటి బంతి లిఫ్టర్ దగ్గరికి వస్తే కదా కొట్టేది! ఆ రోజు నేను పిల్లల్ని తిట్టాను. తిట్టాల్సింది వాళ్ళను కాదు. మూడేళ్ళపాటు కొట్టుడే నేర్పి, తీసుకోవడం నేర్పనివాణ్ణి నేనే.

ఆ తర్వాత ఇంకొకటి జరిగింది. బదిలీ మీద వెళ్ళేముందు, 1989లో, ఇంటర్ అయిపోయిన ఆ పిల్లలు నన్ను చూడటానికి వచ్చారు. నోటు పుస్తకం చేతిలో ఉంది కదా అని సరదాకు మళ్ళీ గోడ దగ్గర నిలబెట్టాను. మీసాలొచ్చిన ఆ ఐదుగురిలో ముగ్గురు పదో తరగతి తర్వాత అసలు పెరగలేదు. ఎనిమిదిలో వాళ్ళు మిగతావాళ్ళ కన్నా తల ఎత్తు పైన ఉన్నారు, ఇప్పుడు వాళ్ళ భుజాల దగ్గరున్నారు. నాకు ఆశ్చర్యం వేసింది. ఎందుకో తర్వాత కూర్చుని ఆలోచిస్తే తెలిసింది.

మన ఊళ్ళ రిజిస్టర్లు చూడండి. నేను చేరిన ఏడు ఎనిమిదో తరగతి రిజిస్టరు తీస్తే సగం మంది పిల్లలు జూన్‌లోనే పుట్టారు. బడిలో చేర్చే రోజు నాయన పుట్టిన తేదీ చెప్పలేకపోతే, బడి ఈడు చూసి జూన్‌లో ఒక తేదీ వేసుకునేవాళ్ళు. నా పుట్టినరోజు కూడా కాగితాల మీద జూన్‌లోనే ఉంది, మా అమ్మేమో సంక్రాంతి తెల్లారి అంటుంది. అంచేత ఒకే తరగతిలో రెండేళ్ళు పెద్దవాడూ, రెండేళ్ళు చిన్నవాడూ ఒకే వయసు కింద కూర్చునేవారు. దానికి తోడు కొందరు పన్నెండేళ్ళకే ఎదుగుతారు, కొందరికి పదహారు దాకా ఎదుగుదల మొదలు కాదు. నేను ఆ జూన్‌లో ఏరింది ఆటగాళ్ళను అనుకున్నాను. ఏరింది ముందు ఎదిగినవాళ్ళను.

ఇది 87 బ్యాచ్‌ను తక్కువ చేయడానికి చెప్పడం లేదు. వెనక వరుసలో చేతులు కట్టుకున్నవాళ్ళు చేతులు దించండి. మీరు ఆడారు, బాగా ఆడారు. తూకం పట్టుకున్నవాడి సంగతి చెప్తున్నాను.

రెండో విడత నేను తిరిగి వచ్చేసరికి ద్రాక్షతోటలు తగ్గుముఖం పట్టాయి. ఈలోపు మన పక్కనే పెద్ద మార్పు వచ్చింది. 1993లో శామీర్‌పేట మండలం హకీంపేటలో ప్రభుత్వం స్పోర్ట్స్ స్కూలు పెట్టింది. నాలుగో తరగతిలో పిల్లల్ని తీసుకుంటారు. ఎనిమిది, తొమ్మిదేళ్ళ పిల్లలు. మండలం, జిల్లా, రాష్ట్రం, ఇలా మెట్లు మెట్లుగా ఎంపిక. ఆ పరీక్షలకు పక్క ప్రాథమిక పాఠశాలల పిల్లల్ని వెంటబెట్టుకుని నేను చాలాసార్లు పోయాను. అక్కడ మొదటిసారి చూశాను, పిల్లవాణ్ణి కొలవడమంటే ఏమిటో. ఎత్తు, బరువు చూస్తారు. అవి రెండే. ఆ తర్వాత ముప్పై మీటర్ల ఫ్లయింగ్ స్టార్ట్ పరుగు, నిలబడి ముందుకు దూకడం, పది మీటర్లు ఆరుసార్లు అటూ ఇటూ షటిల్ పరుగు, మెడిసిన్ బాల్ విసరడం, నిలబడ్డ చోటే పైకి ఎగరడం, నడుము వంగడం, 800 మీటర్ల పరుగు. ఎత్తు అన్నది తొమ్మిదింటిలో ఒకటి. నేను దాన్ని ఒక్కదాన్నే పట్టుకుని ఆరేళ్ళు జట్లు కట్టాను.

అక్కడ కూడా దేవుడి తక్కెడ లేదు లెండి. తొమ్మిదేళ్ళ పిల్లవాడు ఇరవై ఏళ్ళకు ఏమవుతాడో చెప్పగల టేపు ఎవరి దగ్గరా లేదు. కానీ స్టువర్టుపురం నుంచి చిన్నపిల్లవాడిగా హకీంపేటకు వచ్చిన రాగాల వెంకట రాహుల్ 2018 గోల్డ్‌కోస్ట్ కామన్వెల్త్ క్రీడల్లో బరువులెత్తి బంగారు పతకం తెచ్చినప్పుడు, ఆ మైదానంలో పరుగెత్తిన మన ఊరి పిల్లలందరూ ఒకసారి నా కళ్ళ ముందు తిరిగారు. వాళ్ళలో ఎంపికైనవాళ్ళు మన బడికి రాలేదు. మంచిదే, వాళ్ళకు మేలు జరిగింది. కానీ బ్యాచ్‌లను పోల్చేటప్పుడు ఈ లెక్క కూడా వెయ్యాలి కదా! 87 బ్యాచ్‌కు చుట్టుపక్కల ఊళ్ళలోని పిల్లలందరూ వచ్చారు. తర్వాతి బ్యాచ్‌లకు మిగిలినవాళ్ళు వచ్చారు. అందులోనూ మేడ్చల్లో ఇంగ్లీషు మీడియం బళ్ళు మొదలై పసుపు రంగు బస్సులు ఊళ్ళోకి రావడం మొదలుపెట్టాక, నేను ఏరుకోవాల్సిన వరుస ఏడాదికేడాది చిన్నదయ్యింది.

ఇప్పుడు 2001 బ్యాచ్. వీళ్ళు 1998 జూన్‌లో గోడ దగ్గరికి వచ్చారు. నోటు పుస్తకంలో ఆ పేజీ చూస్తే నాకే నవ్వొస్తుంది. పైన ఎర్ర సిరాతో, “ఈ ఏడు జట్టు కష్టం” అని రాసుకున్నాను. ఒక్కడు కూడా పొడుగు లేడు. అందరూ పచ్చిమిరపకాయల్లా ఉన్నారు. కానీ ఈసారి నేను రెండు పనులు వేరేగా చేశాను. పేర్లు ఎగురుడు ప్రకారం రాసుకున్నాను. జూన్‌లో కొలిచినవాళ్ళను జనవరిలో మళ్ళీ కొలిచాను, జట్టులో ఉన్నవాళ్ళను, లేనివాళ్ళను కూడా. జనవరిలో ఇద్దరు కొత్తవాళ్ళు జట్టులోకి వచ్చారు. వాళ్ళిద్దరిలో ఒకడే తర్వాత మన లిఫ్టర్ అయ్యాడు. నిన్న పప్పు గిన్నె దగ్గర అందరికన్నా గట్టిగా అరిచింది కూడా వాడే.

ఈ బ్యాచ్‌కు అదృష్టం ఇంకో రూపంలో వచ్చింది. ఆట నియమాలు మారాయి. పాత పద్ధతిలో సర్వీసు ఉన్నవాడికే పాయింటు. అవతలివాడు తప్పు చేస్తే మనకు సర్వీసు వస్తుంది గాని పాయింటు రాదు. పదిహేను పాయింట్ల సెట్టు ఒక్కోసారి సాయంత్రం ప్రార్థన గంట దాటేది. 1998లో అంతర్జాతీయ సమాఖ్య ర్యాలీ పాయింటు పద్ధతి తెచ్చింది. ఎవరు సర్వీసు చేసినా సరే, ప్రతి బంతికీ ఎవరికో ఒకరికి పాయింటు, సెట్టు ఇరవై అయిదుకు. అదే కాలంలో లిబరో వచ్చాడు. వెనక వరుసలో బంతి తీసుకోవడమే పనిగా ఉన్న ఆటగాడు, నెట్టు మీద కొట్టకూడదు, బ్లాక్ చెయ్యకూడదు, సర్వీసు కూడా చెయ్యకూడదు. పొట్టివాడికి ఆటలో ఒక కుర్చీ వేసినట్టయింది. ఆ మార్పులు స్కూలు పోటీల దాకా వచ్చేసరికి మనవాళ్ళు పదో తరగతి. లిబరోకు వేరే రంగు జెర్సీ ఉండాలన్నారు. మన దగ్గర రెండో రంగు ఎక్కడిది? మన లిబరో బడి యూనిఫాం చొక్కా వేసుకుని ఆడాడు. ఒక మ్యాచ్‌లో అంపైర్ వాణ్ణి చూసి, ఆట చూడటానికి వచ్చిన పిల్లవాడు కోర్టులో నిలబడ్డాడనుకుని బయటికి పొమ్మన్నాడు.

కొత్త పద్ధతిలో తప్పు చేసినవాడికి శిక్ష వెంటనే. బలంగా కొట్టి బయట వేస్తే అవతలివాడికి పాయింటు. సర్వీసు నెట్టుకు కొడితే అవతలివాడికి పాయింటు. 87 వాళ్ళు ఒక సెట్టులో పది బంతులు బయట కొట్టి కూడా గెలిచేవాళ్ళు. 2001 వాళ్ళు పది బంతులు బయట కొట్టడానికి ఒక నెల పట్టేది. తియ్యడం, ఎత్తడం, ఖాళీ చూసి వెయ్యడం. చూసేవాళ్ళకు చప్పట్లు కొట్టేంత ఏమీ కనిపించదు. స్కోరు పలక చూస్తే ఇరవై నాలుగు. వీళ్ళూ జిల్లా ఫైనల్ దాకా వెళ్ళారు. వీళ్ళూ ఓడిపోయారు, అది కూడా చెప్పాలి. వీళ్ళ నెట్టు మీద బ్లాక్ లేదు. అవతల ఆరడుగుల సెంటర్ బ్లాకర్ ఒకడుంటే చాలు, మా ఉపాయాలన్నీ వాడి అరచేతిలో పడ్డాయి.

కాబట్టి మీ గొడవకు నా సమాధానం ఇది. పాత నియమాలతో పదిహేను పాయింట్ల సెట్టు ఆడితే 87 గెలుస్తుంది. కొత్త నియమాలతో ఇరవై అయిదుకు ఆడితే 2001 గెలుస్తుంది. ఇది తప్పించుకునే మాట అని అక్కడెవరో అంటున్నారు, వినబడింది. సరే, ఇంకొంచెం గట్టిగా చెప్తాను. ఏరిన రోజున టాలెంట్ ఎక్కువ ఉన్నది 87లో. మూడేళ్ళలో ఎక్కువ పెరిగింది 2001. మొదటిదానికి కారణం వాళ్ళు. రెండోదానికి కొంత కారణం, నేను అప్పటికి కొంచెం బుద్ధి తెచ్చుకోవడం.

2001 తర్వాతి బ్యాచ్‌ల వాళ్ళు మమ్మల్ని మరిచారని అనుకోకండి. 2007, 2008 ప్రాంతంలో జట్టుకు పన్నెండు మంది దొరకడమే గగనమైపోయింది. తోటలు వెంచర్లయ్యాయి. భూమి అమ్మినవాళ్ళ పిల్లలు పట్నం బళ్ళకు పోయారు. ఆ రెండేళ్ళూ ఎనిమిదో తరగతి అబ్బాయిలందరూ జట్టే, ఏరడానికేమీ లేదు. అలాంటి బ్యాచ్‌ను పెద్ద వరుసలోంచి ఏరిన బ్యాచ్‌తో పోల్చడం న్యాయం కాదు. ఇప్పుడు పొద్దున పూట నేను బడికి వచ్చి చూస్తుంటే వేరే మార్పు కనిపిస్తోంది. మేడ్చల్ ఇండస్ట్రీల్లో, తుర్కపల్లి జీనోమ్ వ్యాలీ పనుల్లో, అపార్టుమెంట్ల దగ్గర పనిచేసే వాళ్ళ పిల్లలు మన బడికి వస్తున్నారు. బీహారు, ఒడిశా పిల్లలు. ఆరు నెలల్లో తెలుగు మాట్లాడేస్తున్నారు. పోయినేడు ఒక పిల్లవాడి ఎగురుడు చూసి నా చేతిలో టేపు కింద పడింది. దసరా సెలవుల తర్వాత వాడు రాలేదు. వాళ్ళ నాయన పని వేరే చోటికి మారిందట. వాడి కొలతలు ఈ పుస్తకంలో చివరి పేజీలో ఉన్నాయి. వాడు ఏ ఊళ్ళో ఉన్నాడో నాకు తెలియదు, అక్కడ నెట్టు ఉందో లేదో కూడా.

ఇక నేను మొదట దాటేసిన సంగతి. నిన్న రాత్రి దాకా నాకు కూడా తెలియదు.

1984 జూన్ పేజీ. చెయ్యి అందే ఎత్తు ప్రకారం రాసిన వరుసలో చిట్టచివరి పేరు మీద గీత కొట్టి ఉంది. తరగతిలో అందరికన్నా పొట్టి పిల్లవాడు. వాడు నాకు బాగా గుర్తు. రోజూ సాయంత్రం కోర్టు బయట నిలబడేవాడు. బంతి ద్రాక్షతోటలో పడితే పందిరి కింద వంగాల్సిన పని లేకుండా పరుగెత్తగలిగింది వాడొక్కడే. బంతి తెచ్చిచ్చి, “సార్, నన్ను గూడ ఆడిపియ్యుండ్రి” అనేవాడు. “వచ్చే ఏడాదికి పెరుగుతవు గద, అప్పుడు చూద్దాం” అనేవాణ్ణి. వచ్చే ఏడాది వాడు వచ్చాడు. అప్పటికి నా జట్టు కుదిరిపోయింది. నేను వాణ్ణి గోడ దగ్గరికి పిలవలేదు. ఆ తర్వాత ఏడాదీ పిలవలేదు. బంతులు మాత్రం వాడే తెచ్చాడు.

నిన్న రాత్రి ఆ పేజీలో ఉన్న రెండు గుర్తుల తేడా, అంటే ఎగురుడు, ఒక్కొక్కరిదీ లెక్క వేసుకుంటూ వచ్చాను. ఆ రోజు నేను వెయ్యని లెక్క అది. నేను టిక్కు పెట్టిన పన్నెండు మందిదీ ముప్పై, ముప్పై అయిదు సెంటీమీటర్ల దగ్గర ఉంది. గీత కొట్టినవాడిది నలభై ఆరు. పొరపాటేమోనని మళ్ళీ తీసేసి చూశాను. నలభై ఆరే. 1984 నుంచి 2010 దాకా ఈ పుస్తకంలో ఉన్న ఎనిమిదో తరగతి పిల్లల్లో అంత ఎగిరినవాడు ఇంకొకడు లేడు. అంకెలు రెండూ నా చేతి రాతలోనే ఉన్నాయి. నలభై ఏళ్ళు నా ఇంట్లో, నా పెట్టెలోనే ఉన్నాయి.

ఇంటర్‌కు వచ్చేసరికి వాడు ఆరడుగులయ్యాడు. అప్పుడు నేను వాణ్ణి మేడ్చల్ చెక్‌పోస్టు దగ్గర వెల్డింగు షాపులో చూశాను. చదువు ఆపేశాడు. అద్దం అడ్డం పెట్టుకుని గేటు అతుకుతున్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు, నేను తల పైకెత్తి మాట్లాడాల్సి వచ్చింది. ఏం మాట్లాడానో గుర్తు లేదు. బాగున్నావా, నాయన బాగున్నాడా అని ఉంటాను.

ఆయన ఈ సభలో ఉన్నారు. పేరు చెప్పొద్దన్నారు కాబట్టి చెప్పను. మీకందరికీ తెలుసు లెండి. బయట కొత్త కోర్టు చూశారు కదా, ఆ ఇనుప స్తంభాలు, ఎత్తు మార్చుకునే గొలుసు, అన్నీ ఆయన తన షాపులో చేయించి, తానే లారీలో తెచ్చి నిలబెట్టారు. రెండు స్తంభాలూ ఒకే ఎత్తు. నేను టేపు పెట్టి చూశాను. పొద్దున ఆయనను పక్కకు పిలిచి ఈ పేజీ చూపించాను. చాలాసేపు చూశారు. “నలభై ఆరు అంటే ఎక్కువనా సార్?” అని అడిగారు. ఎక్కువే అన్నాను. “గట్లనా” అన్నారు. ఇంకేమీ అనలేదు. నన్ను ఏమన్నా అని ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేది.

సమయం మించిపోయిందని అధ్యక్షుల వారు చూస్తున్నారు. ఒక్క ప్రకటన చేసి దిగుతాను. ఈ సాయంత్రం నాలుగు గంటలకు కొత్త కోర్టులో 87కూ 2001కీ మ్యాచ్. మొదటి సెట్టు పాత నియమాలు, రెండోది కొత్త నియమాలు, మూడోది అవసరమైతే చీకటి పడేలోపు ఎంతవరకు వస్తే అంతవరకు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు కోర్టు దగ్గర కుర్చీల్లో కూర్చోండి, దూకకండి. 87 జట్టుకు ఏడో ఆటగాడి పేరు నేను ఇప్పుడే ఈ పుస్తకంలో రాశాను. మొదటి సర్వీసు ఆయనదే. బంతులు తెచ్చివ్వడానికి నేను ఉంటాను.